వెల్లుల్లి వాసన వచ్చే గది

రాయపూర్,
తీజా వెళ్ళిన వారం.

అప్పకి,

సన్యాసమ్మ నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ బావా గుంటలూ బాగున్నారని, నీ మోకాలు కాస్త వంగుతోందని అనుకుంటున్నాను. వంగకపోతే ఆ నూనె రాయడం మానకు, రెండ్రోజులు రాసి మూల పడేసే అలవాటు నీకుంది. మొన్న నా తలనొప్పి సంగతి విని బెంగెట్టుకున్నావని బావ అన్నారు. బెంగెట్టుకోకు. తలనొప్పి పోయింది. ముందే చెప్పీస్తున్నాను, ఈ ఉత్తరం సగం చదివి నాకేదో అయిపోయిందని ఏడుపు మొదలెట్టకు. నాకేటీ అవలేదు. కుర్చీలో కూర్చుని టీ తాగుతూ రాస్తున్నాను.

ఇక్కడ వానలు ఇంకా వదల్లేదు. ఉతికిన బట్టలు ఆరక అదో ముక్క వాసన. మీ మరిది టాటీబంధ్ లారీ ఆఫీసు నుంచి రోజూ మోకాళ్ళ దాకా బురదతో వస్తున్నారు, ఆ ప్యాంట్లు ఉతకలేక నా చేతులు పడిపోతున్నాయి. రైల్వే కాలనీలో మనవాళ్ళ కొట్లో గోంగూర దొరికింది గానీ ముదురుది, పీచు. అయినా వండుకుని తిన్నాం. మీ మరిది రెండుసార్లు వడ్డించుకున్నారు కాబట్టి బాగుందనే అనుకోవాలి.

తీజా అంటే ఏటని అడిగావు కదా. ఇక్కడ పెళ్ళయిన ఆడపిల్లల్ని అన్నదమ్ములొచ్చి పుట్టింటికి తీసుకెళ్తారు, వాళ్ళక్కడ ఉపవాసాలుండి, కొత్త చీరలు కట్టుకుని వస్తారు. మా మిల్లులో రాళ్ళు ఏరే పని చేసే ఆడవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. తిల్దా బండి ఎక్కడానికి వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని పరిగెడుతుంటే గేటు దగ్గర నించుని చూసాను. మనకి అన్నదమ్ములు లేరు, నన్నెవరు తీసుకెళ్తారు. కాస్త ఏడుపొచ్చింది, దాచడం ఎందుకు. కానీ అప్పా, ఈసారి వాళ్ళు వెళ్ళబట్టే నాకు నాలుగు రోజులు వ్యవధి దొరికింది. అదే రాయాలని కూర్చున్నాను.

మా మిల్లు సంగతి నీకు ముక్కలు ముక్కలుగా రాసాను, ఇప్పుడు వరసగా చెప్తాను. ఉర్లాలో అటుకుల మిల్లు మాది. ధాన్యం గోడౌన్ వెనకాల ఉంటుంది. దాని గోడకి ఆనుకుని ఒక గది, ఆ గది పక్కన నా లాబ్. తేమ చూడడం, రాళ్ళూ పురుగులూ చూడడం, సంతకం పెట్టడం నా పని. మా సేఠ్‌జీ, మిల్లు యజమాని, జైనులు. ఉల్లీ వెల్లుల్లీ (ఇక్కడ లసున్ అంటారు) ఇంట్లోనే కాదు, మిల్లు గేటు లోపలికి కూడా రాకూడదు. క్యాంటీన్లో వండరు, మన టిఫిన్లో తేకూడదు. నా పేరు వినగానే సేఠ్‌జీ మురిసిపోయారని రాసాను కదా, "మన సన్యాసీ మేడం అసలు లసున్ ముట్టదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. నాకది అమ్మ మొక్కుకుని పెట్టిన పేరని ఆయనకేం తెలుసు. నేను ఆదివారం ఇంట్లో వెల్లుల్లి కారం నంజుకుని, సోమవారం సోంపు నమిలి వెళ్ళేదాన్ని.

పోయిన ఉత్తరంలో ఏం రాసానో గుర్తుందా? మధ్యాహ్నం పూట లాబ్‌లో ఎక్కడినుంచో వెల్లుల్లి వాసన వస్తోంది, నువ్వు రోట్లో కారం నూరుతున్నట్టే ఉంటుంది, కళ్ళు మూసుకుని కాసేపు పీల్చుకుంటున్నాను అని రాసాను. ఎవరో మనవాళ్ళే దొంగతనంగా తింటున్నారు, వాళ్ళ కడుపు చల్లగుండ అని కూడా రాసాను. ఆ ఉత్తరం ఇంకా ఉంటే చింపి పారెయ్యి.

ఆ ఉత్తరం వేసిన వారంలోనే ప్రొడక్షన్ మేనేజరు దూబేజీ వచ్చి నా టిఫిన్ తెరిచి వాసన చూసారు. అడగనైనా అడగలేదు. వంకాయ కూర, పెరుగన్నం. మళ్ళీ మూత పెట్టి, "బురా మత్ మానియే, ఏమీ అనుకోకండి, తెలుగువాళ్ళకి అది లేకపోతే ముద్ద దిగదంటారు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వాసన మీకూ వస్తోంది కదా, ఎక్కడినుంచి వస్తోందో చూడండి అన్నాను. ఆయన నా వంక ఒక్కలాగే చూసి, "ఏ వాసన?" అన్నారు. ఇప్పుడే టిఫిన్ మూతకి ముక్కు ఆనించిన మనిషి.

అప్పుడు పక్క గదిలోకి వెళ్ళి చూసాను. అది ఏరే ఆడవాళ్ళు అన్నం తిని నడుం వాల్చే గది. పైన దూలానికి పాత చీరలతో ఉయ్యాలలు కట్టి పసిపిల్లల్ని పడుకోబెడతారు. గోడలో ఒక గూడు ఉంది, అందులో బొట్టు పెట్టిన వెల్లుల్లిపాయ ఒకటి. ఓలమ్మ, సేఠ్‌జీ గేటు లోపల వెల్లుల్లికి పూజ. ఒలవని పాయ అంత వాసన రాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. బుధియారిన్ అని ఏరేవాళ్ళలో పెద్దావిడ, ఛత్తీస్‌గఢీ తప్ప మాట్లాడదు గానీ నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్తుంది. ఆవిడని అడిగితే గొంతు తగ్గించి, "లసున్ దాయీది" అంది. దాయీ అంటే అమ్మ.

ఆ దాయీ మనవైపు మనిషే అప్పా. అప్పలనరసమ్మ. చాలా ఏళ్ళ కిందట బొబ్బిలి దగ్గరి నుంచి వచ్చిందట, మొగుడు రైల్వేలో పోయాక ఈ మిల్లు క్యాంటీన్లో వంటకి కుదిరింది. ఒకరోజు సేఠ్‌జీ తల్లిగారు మిల్లు చూడ్డానికొచ్చి, వెల్లుల్లి వాసనొస్తోందని ముక్కు మూసుకున్నారట. ఎవరు, ఎవరు అంటే, ఆ తెలుగావిడే అన్నారు. నరసమ్మ చేతులు చూపించి, నోరు తెరిచి చూపించి, సింహాద్రప్పన్న మీద ఒట్టు, నేను తినలేదు అని ఏడ్చిందట. ఎవరు నమ్ముతారు. వంట నుంచి తీసేసి ఈ గదిలో పిల్లల్ని చూడమన్నారు. రాత్రులు కూడా అక్కడే పడుకునేది. ఒక వానాకాలం పొద్దున్న లేవలేదు. గుండె ఆగిపోయింది అన్నారు. తర్వాత వాసన మాత్రం ఆగలేదు, అప్పుడప్పుడు వస్తూనే ఉంది. చచ్చిపోయాక కసి కొద్దీ తింటోంది అని ఆడవాళ్ళు అనుకున్నారు.

"మీకు భయం వెయ్యదా?" అన్నాను. బుధియారిన్ నవ్వింది. "మొదట్లో భయపడ్డాం. గోడౌన్ చూసుకునే మామాజీ చెప్పారు, గదిలో ఆవిడని చూసాను, అక్కడ పడుకోవద్దు అని. కానీ పిల్లల్ని చూసిన మనిషి పిల్లలకి కీడు చేస్తుందా మేడం? అందుకే ఆవిడకి ఇష్టమైనది పెట్టి, పిల్లల్ని ఆవిడకే అప్పగించాం. వాసన వచ్చిన రోజు పిల్లలు ఏడవకుండా పడుకుంటారు కూడా. మత్తుగా." ఆ మాట అంటూ ఆవిడ ఉయ్యాల ఊపుతోంది. ఆ మత్తు అన్న మాట నాకు నచ్చలేదు. ఎందుకో అప్పటికి తెలీదు.

ఆ సాయంత్రమే మీకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసాను. దెయ్యం కథ చెప్పి నిన్ను భయపెడదామనే చేసాను, నిజం చెప్తున్నాను. నువ్వు పెరట్లో ఉన్నావు, బావ ఎత్తారు. నేను నవ్వుతూ చెప్తుంటే ఆయన నవ్వలేదు. "గది గోడౌన్ పక్కనా?" అన్నారు. అవునన్నాను. "పురుగుమందు బిళ్ళలు పెడతారమ్మా ధాన్యానికి. మా గిడ్డంగిలో ఆ వాసనొస్తే మేం ఎవరు తిన్నారని అడగం, పరిగెడతాం. అది వెల్లుల్లి కాదు, బిళ్ళల్లోంచి వచ్చే విషగాలి. వాసన లేనప్పుడు కూడా గాలి ఉండొచ్చు, అది ఇంకా ప్రమాదం. ఆ గదిలో ఎవరుంటారు?" అన్నారు. పిల్లలు పడుకుంటారు బావా అన్నాను. బూత్‌లో ఎర్ర అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. "ముందు పిల్లల్ని బయటికి తెమ్మను, తలుపులూ కిటికీలూ తెరిపించు. నువ్వు కూడా ఆ లాబ్‌లో కూర్చోకు" అన్నారు. నా తలనొప్పి, కడుపులో తిప్పడం, అన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. ఆ వాసనని కదా నేను రోజూ కళ్ళు మూసుకుని పీల్చాను.

మర్నాడు ఆడవాళ్ళు పిల్లలతో తీజాకి వెళ్ళిపోయారు, నేను దూబేజీకి చెప్పాను. "గోడౌన్ మామాజీ చూసుకుంటారు, మీ తలనొప్పి లాబ్ మందుల వల్ల" అన్నారు. సేఠ్‌జీకి చెప్పాను. "మామాజీని అడగండి" అన్నారు. మామాజీని అడిగాను. "మందా? మేం వాడం. ధాన్యం శుభ్రంగా ఉంటుంది" అన్నారు. ఆయన మాట్లాడినంతసేపూ నా కళ్ళల్లోకి కాదు, నా భుజం మీదుగా ఆ గది వైపు చూస్తున్నారు. ఈ మామాజీ సేఠ్‌జీ భార్యకి తమ్ముడు. వాళ్ళ పిల్లలకి మేనమామ కాబట్టి మిల్లంతా మామాజీ అనే పిలుస్తుంది. మెత్తటి మనిషి, ఎవర్నీ గట్టిగా అనరు. గోడౌన్ తాళం ఆయన నడుముకే ఉంటుంది, ఇంకెవరూ లోపలికి వెళ్ళరు.

ఇక్కడే అప్పా, నా ఉద్యోగం సంగతి వస్తుంది. మా అటుకులు దుబాయి పంపాలంటే ఫుడ్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి, దానికి ఏడాదికోసారి రివ్యూ మీటింగు పెట్టి, అక్కడ తేలినవన్నీ సరిచేసి చూపించాలి. బొంబాయి నుంచి వచ్చిన ఆడిట్ ఆయన ఆ మీటింగులో ఎవరు కూర్చోవాలో మమ్మల్నే తేల్చుకోమన్నారు. ఎవరి పని వల్ల సరుకు చెడగలదో వాళ్ళుండాలి, దాన్ని ఆపే అధికారం ఉన్నవాళ్ళుండాలి, అంతే అన్నారు. పేర్లు రాసే పని సేఠ్‌జీ నాకు ఒప్పజెప్పారు. ఈ మీటింగు రాతలో ఒక మాట పడితే దాన్ని మింగెయ్యడం ఎవరి వల్లా కాదు. నాకు అదొక్కటే దారి. ఆడవాళ్ళు పుట్టిళ్ళ నుంచి వచ్చేలోపు అవ్వాలి.

నేను రాసిన పేర్లు చూసి దూబేజీ నవ్వారు. "మామాజీ పేరేంటి? ఆయన మేనేజరు కాదు కదా" అన్నారు. నిజమే. ఆయనకి జీతం లేదు, ఆఫీసులో కుర్చీ లేదు. ఇంటి మనిషి. "అకౌంట్స్ ఆయన, డిస్పాచ్ ఆయన, నేను, మీరు. చాలు. గోడౌన్లో ఉండేవి బస్తాలు, తిండి కాదు" అన్నారు. డిస్పాచ్ ఆయన సమోసాల కోసం వస్తారు, ఆయన్ని తీసేసినా పర్లేదు, మామాజీ ఉండాలి అన్నాను. "సేఠ్‌జీ తన బావమరిదిని నలుగురిలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే సేఠానీజీ ఊరుకుంటారా? మీ కుర్చీ ఉండదు మేడం" అన్నారు. మంచికే చెప్పారులే. ఇంటికొచ్చి మీ మరిదికి చెప్పాను. ఆయన బూట్లు విప్పుతూ విన్నారు. తర్వాత, "ఆ ఉయ్యాలల్లో పిల్లలుంటారన్నావు కదా. రాసీ" అన్నారు. రాసేసాను.

ఆఫీసు హాలు కారుతోంది, అందుకని మీటింగు ఆ గదిలో పెట్టించాను. ఆడవాళ్ళు లేరు కాబట్టి ఖాళీ. కంగారు పడకు, మూడ్రోజుల ముందు నుంచీ తలుపులూ కిటికీలూ బార్లా తెరిపించి ఉంచాను, బావ చెప్పినట్టే. ఉయ్యాలలు మాత్రం విప్పలేదు. ఆ చీరల కిందే కుర్చీలు వేయించాను. సేఠ్‌జీ వచ్చి కూర్చున్నారు, దూబేజీ కూర్చున్నారు, అకౌంట్స్ ఆయన కూర్చున్నారు. వాసన లేదు. వాన తడి తప్ప ఏ వాసనా లేదు. గాలికి ఖాళీ ఉయ్యాలలు వాటంతటవే ఊగుతున్నాయి.

మామాజీ వచ్చారు. గుమ్మం దగ్గర ఆగిపోయారు. రండి మామాజీ, ఈ కుర్చీ మీదే అన్నాను. ఆయన కుర్చీ చూడలేదు. గోడ పైన, కప్పు కింద, గోడౌన్ వైపున్న జాలీ కిటికీ చూసారు. చెప్పులు విప్పిన మనిషి మళ్ళీ తొడుక్కున్నారు.

"నేను ఇక్కడ కూర్చోను" అన్నారు.

సేఠ్‌జీ నవ్వి, "అరే, ఆ దెయ్యానికి భయమా?" అన్నారు.

"అవును జీజాజీ" అన్నారు బావగారితో. "ఆవిడ ఉంది."

నేను వదల్లేదు, అడిగాను. "ఆవిడ ఉందని మొదట చెప్పింది ఎవరు మామాజీ?"

వాన గట్టిగా పడుతోంది. అకౌంట్స్ ఆయన సమోసా చేత్తో పట్టుకుని తినడం మానేసారు. మామాజీ, ఎవరికి చెప్తున్నారో తెలీనట్టు, "నేనే చెప్పాను. దెయ్యం ఉందంటే ఎవరూ పడుకోరనుకున్నాను" అన్నారు.

"ఎందుకు పడుకోకూడదు?" సేఠ్‌జీ గొంతు మారిపోయింది.

మామాజీ చెయ్యి ఎత్తి ఆ జాలీ చూపించారు. "వానాకాలం బిళ్ళలు పెడతాను. గాలి అందులోంచి వస్తుంది. అప్పట్లో నాకూ తెలీదు జీజాజీ. అమ్మగారు వాసన అంటే నేనే ఆవిడ పేరు చెప్పాను. తర్వాత తెలిసింది. ఆవిడ లసున్ తినలేదు."

నేను ఆ మాట కోసమే ఇదంతా చేసానా అనిపించింది, కానీ విన్నాక ఏడవాలో కోప్పడాలో తెలీలేదు. ఒక్క మాట ఒప్పుకోడానికి నోరు రాక ఆయన ఒక దెయ్యాన్ని కాపలా పెట్టారు. ఆడవాళ్ళు ఆ దెయ్యానికి బొట్టు పెట్టి, తల్లీ చూసుకో అని పిల్లల్ని తెచ్చి అక్కడే పడుకోబెట్టారు. ఇన్నేళ్ళూ ఆయన రోజూ ఆ ఉయ్యాలల పక్కనుంచే వెళ్ళేవారు.

సేఠ్‌జీ లేచి, పైన కట్టిన ఉయ్యాల ఒకటి ఆయనే విప్పారు. అందరూ బయటికి వచ్చాం. అదే రోజు గది మూయించారు, జాలీ ఇటికలతో కట్టించారు, బిళ్ళలన్నీ బయటికి పోయాయి. ఇకపై మందు పెట్టాలంటే తెలిసిన మనుషులొచ్చి, మిల్లు ఖాళీ చేయించి పెట్టాలి. గేటు దగ్గర గది ఆడవాళ్ళకి ఇచ్చారు. నా లాబ్ కూడా అటే మార్చారు. ప్రతి రివ్యూలోనూ మామాజీ ఉండాలని సేఠ్‌జీ చెప్పారు, ఆయన కుర్చీ తన పక్కనే వేయించారు. సేఠానీజీ నాతో మాట్లాడ్డం మానేసారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో దీపావళి దాకా చూడాలి. ఉంటుందిలే, బెంగెట్టుకోకు.

ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. ఆడవాళ్ళు కొత్త చీరల్లో తిరిగొచ్చారు. అంతా విన్నాక బుధియారిన్ ఆ గూట్లో వెల్లుల్లిపాయ తీసి పారేస్తుందనుకున్నాను. కొంగులో చుట్టి తెచ్చి, కొత్త గది కిటికీలో పెట్టింది. "తినలేదంటే ఆవిడకి ఇష్టం లేదని కాదు కదా" అంది.

నిన్న మధ్యాహ్నం. పిల్లలు పడుకున్నారు, నేను అటుకులు జల్లెడ పడుతున్నాను. వాసన వచ్చింది. నువ్వు నూరినట్టే అప్పా, అదే ఘాటు. గోడౌన్ ఎక్కడో అవతల ఉంది, తలుపులు తెరిచే ఉన్నాయి, ఇక్కడ ధాన్యం బస్తాలు కూడా లేవు, మందు అసలే లేదు. నేను చెప్పేలోపే ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని వానలోకి పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. దూబేజీ వెళ్ళి అంతా వెతికారు, ఈసారి ఏ వాసన అని అడగలేదు. మామాజీ గేటు దగ్గర తడుస్తూ, తాళం నా దగ్గరే ఉంది, నేను ఏమీ పెట్టలేదు అని ప్రతి ఒక్కరికీ చెప్తున్నారు. ఆయన్ని చూస్తే అబద్ధం అనిపించలేదు. ఏమీ దొరకలేదు.

పిల్లలు వానకి నిద్రలేచి గట్టిగా ఏడుస్తున్నారు. అందరూ. ఆ ఏడుపు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తెరిచి ఉన్న ఆ గుమ్మం వైపు చూస్తూ నాకు తెలీకుండానే తెలుగులో అన్నాను, "పిన్నీ, అందరం బయటే ఉన్నాం. పిల్లలందరూ ఉన్నారు" అని. ఈ మిల్లులో ఆవిడతో తెలుగులో మాట్లాడినవాళ్ళు ఎవరున్నారు. కాసేపటికి వాసన పోయింది. మీ మరిది, అది వానకి ఏదో కుళ్ళిన వాసన అంటున్నారు. అయ్యుండొచ్చు.

పోయిన ఉత్తరంలో వెల్లుల్లి కారం పంపమన్నాను కదా, పంపకు. కోపం తెచ్చుకోకు. ఇదివరకు ఆ వాసనొస్తే నువ్వు పక్కన కూర్చున్నట్టుండేది. ఇప్పుడు ముందు కాళ్ళు పరిగెడుతున్నాయి. ఇంటి నుంచి నాతో వచ్చింది అదొక్కటే, అది కూడా పోయిందని నిన్న రాత్రి బాగా ఏడ్చాను. బదులుగా కొత్త చింతపండు పంపు, వీలైతే నువ్వుల ఉండలు.

బావకి నా నమస్కారం చెప్పు, ఆయన అడగబట్టే ఇంతమంది పిల్లలు నిక్షేపంగా ఉన్నారు. అత్తగారికీ, వీధిలో పెద్దవాళ్ళందరికీ దండాలు. గుంటలిద్దరికీ ముద్దులు. మమ్మల్ని దీవించు.

ఇంకొక్క పని. ఈసారి సింహాచలం కొండ ఎక్కినప్పుడు, నీ మోకాలి నొప్పి సంగతి చెప్పుకున్నాక, అప్పన్నకి నా తరఫున ఒక్క మాట చెప్పు. బొబ్బిలి నరసమ్మ నీ మీద పెట్టిన ఒట్టు నిజమే స్వామీ, ఆవిడ తినలేదు అని చెప్పు. పేరు పూర్తిగా చెప్పు, అప్పలనరసమ్మ అని.

నీ చెల్లి
సన్యాసమ్మ